సైలెన్స్ మేడం దిద్దిన అంకె

మా కాలేజీ లైబ్రరీలో పనిచేసిన సైలెన్స్ మేడం అంత పిరికి మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. ఆవిడ కుర్చీ వెనక గోడ మీద 'సైలెన్స్' అని పెద్ద బోర్డు ఉండేది కాబట్టి ఆ పేరు వచ్చిందని కొందరనేవాళ్ళు. ఆవిడ గొంతు ఎవరూ విననే లేదు కాబట్టి వచ్చిందని మరికొందరు. రెండూ నిజమే.

ఆవిడ ఫ్యాను కింద కూర్చునేది కాదు, ఊడి మీద పడుతుందని. నిచ్చెన ఎక్కేది కాదు. అందుకే పై అరల్లోని పుస్తకాలు ఏళ్ళ తరబడి అలాగే ఉండి, వాటి మీద దుమ్ము దుప్పటిలా పేరుకుపోయింది. గ్యాస్ కట్టేశానో లేదో అని వీధి చివరి దాకా వచ్చి వెనక్కి తిరిగేది. వాళ్ళాయన టైలరు. మేం జట్టు బనీన్లు కుట్టించుకోవడానికి వెళ్తే మెడలో టేపు వేసుకుని నవ్వుతూ చెప్పేవాడు: "తాడును చూసి పామనుకునేవాళ్ళు లోకంలో చాలామంది ఉంటారమ్మా. మా ఆవిడకి తాడు కూడా అక్కర్లేదు."

అలాంటి మనిషి ఇనుము ఎత్తే ఆటలోకి ఎలా వచ్చిందో చెప్పాలి.

నేను డిగ్రీలో చేరిన ఏడాదే అమ్మాయిల వెయిట్‌లిఫ్టింగ్ కాలేజీల పోటీల్లోకి కొత్తగా వచ్చింది. మా కాలేజీకి ఒక పొడవాటి ఇనప కడ్డీ, రంగురంగుల రబ్బరు బిళ్ళలు పంపించారు. వాటికి చోటు లేక, విరిగిన బల్లలు పడేసే షెడ్డు ఖాళీ చేయించి నేల మీద చెక్క పరిచారు. నలుగురు అమ్మాయిలం చేరాం. ఒకప్పుడు తనూ పెద్ద పోటీల్లో ఎత్తిన ఒకాయన కోచ్‌గా వచ్చాడు. మోకాలికి ఎప్పుడూ పట్టీ ఉండేది. మనిషి మంచివాడే. మా గెలుపు తప్ప ఆయనకి ఇంకో ధ్యాస లేదు. నేను చెప్పబోయేదంతా వినేటప్పుడు ఈ మాట మరిచిపోవద్దు.

అమ్మాయిల జట్టు బయటి ఊరు వెళ్తే వెంట ఒక ఆడమనిషి మేనేజరుగా ఉండి తీరాలని నియమం. ప్రిన్సిపాల్ గారు లెక్చరర్లందరినీ అడిగారు. ఒకరికి అత్తగారి మోకాళ్ళు, ఒకరికి పిల్లల పరీక్షలు. చివరికి లైబ్రరీకి వచ్చి, "మీరు వెళ్తారు కదమ్మా?" అన్నారు.

"కాదని చెప్పడానికి భయమేసి తల ఊపాను," అని ఆవిడే చాలా ఏళ్ళ తర్వాత నాతో అంది.

మొదటిరోజు షెడ్డులోకి వచ్చి గుమ్మం పక్కన నిలబడింది. నేను నలభై కిలోలు తలపైకి ఎత్తి వదిలేశాను. ఈ ఆటలో అంతే, ఎత్తాక కడ్డీని కిందికి వదిలేస్తాం. ఆ చప్పుడుకి ఆవిడ చేతిలోని రిజిస్టరు ఎగిరిపడింది. మళ్ళీ చూస్తే మనిషి తలుపు వెనక ఉంది.

"ఇది ఎవరి మీదైనా పడితే?" అంది. ఆవిడ నోట మేం విన్న మొదటి మాట అదే.

"పడదు మేడం. దానికి దారి తెలుసు," అని కోచ్ సార్ నవ్వాడు. మేమూ నవ్వాం.

ఆవిడ నవ్వలేదు. మర్నాటి నుంచి మాకంటే ముందే షెడ్డుకి వచ్చేది. మా అరచేతుల తెల్లపొడి చెక్క మీద రాలితే కాలు జారుతుందని తడిగుడ్డతో తుడిచేది. బిళ్ళలు జారకుండా కడ్డీ చివర బిగించే బిరడాలను ఒక్కొక్కటీ లాగి చూసేది. ఒకసారి చెక్కలోంచి వెంట్రుకంత పైకి లేచిన మేకుని వేలితో తడిమి పట్టుకుంది. ఇక ఆట నిబంధనల పుస్తకమైతే, దానికి అట్ట వేసి, పేజీల మధ్య కాగితం ముక్కలు పెట్టి, పరీక్షకి చదివినట్టు చదివింది. కోచ్ సార్‌కి తెలియని రూళ్ళు కూడా ఆవిడకి తెలుసు. అడిగితేనే చెప్పేది. ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

మా నలుగురిలో బుడంకాయ అని ఇంటర్ మొదటి ఏడాది పిల్ల ఒకతి ఉండేది. పొట్టిగా, గుండ్రంగా, గట్టిగా ఉండేది కాబట్టి కోచ్ సారే ఆ పేరు పెట్టాడు. వాళ్ళమ్మ ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పని చేసేది. తడి దుప్పట్ల మూటలు చిన్నప్పటి నుంచీ ఎత్తీ ఎత్తీ ఆ పిల్ల నడుము ఉక్కులా తయారైంది. నేను ఆరు నెలల్లో నేర్చుకున్నది అది ఆరు వారాల్లో పట్టేసింది. నాకు కొంచెం కుళ్ళుగా కూడా ఉండేది, దాచుకోవడం ఎందుకు.

మొదటి ఏడాది పోటీలకి తొమ్మిది కాలేజీలు వచ్చాయి. చూసేవాళ్ళకంటే ఎత్తేవాళ్ళే ఎక్కువ. మూడో ఏడు వచ్చేసరికి నలభై కాలేజీలు. ఆడిటోరియంలో కుర్చీలు చాలక జనం మెట్ల మీద కూర్చున్నారు. అన్ని యూనివర్సిటీల కాలేజీలూ కలిసే పోటీల్లో మొదటి ముగ్గురికి క్రీడా విశ్వవిద్యాలయంలో సీటు, హాస్టలు, తిండి, మంచి శిక్షణ. పోలీసు, రైల్వే ఉద్యోగాల ప్రకటనల్లో మా ఆట పేరు కనిపించడం మొదలైంది. "ఆడపిల్లకి ఇదేం ఆట" అని మూతి తిప్పిన వాళ్ళే మా ఇళ్ళకొచ్చి, "మా అమ్మాయిని కూడా చేర్చుకుంటారేమో కనుక్కోండి" అనేవాళ్ళు. షెడ్డులో నలుగురం కాస్తా ఇరవై రెండు మందిమి అయ్యాం.

ఆట పెరిగింది, దానితో పాటు ఆశా పెరిగింది. అంతకుముందు మేం తూకం యంత్రం ఎక్కితే ఒకరినొకరు వెక్కిరించుకునేవాళ్ళం. ఇప్పుడు ఎక్కే ముందు చెవి దిద్దులు కూడా తీసి పక్కన పెట్టేవాళ్ళం.

ఎందుకంటే, ఈ ఆటలో ఒంటి బరువుని బట్టి విభాగాలు. యాభై అయిదు కిలోల విభాగం, యాభై తొమ్మిది కిలోల విభాగం, అలా. పోటీకి రెండు గంటల ముందు తూస్తారు. యాభై అయిదులో ఎత్తాలంటే ఒంటి బరువు యాభై అయిదు దాటకూడదు. బుడంకాయ మామూలు బరువు యాభై ఎనిమిది. దాని సొంత విభాగంలో పెద్దపెద్ద కాలేజీల పిల్లలున్నారు. కిందికి దిగితే పతకం ఖాయమని కోచ్ సార్ లెక్క.

"మూడు కిలోలేగా! నేను మీ వయసులో వారంలో ఆరు దించాను," అనేవాడు.

ఆయన దించిందెలాగో మేం అప్పుడే చూశాం. శీతాకాలం మొదట్లో జరిగిన చిన్న పోటీకి ముందు బుడంకాయ రెండు రోజులు నీళ్ళు మానేసింది. ఒంటికి ప్లాస్టిక్ కవర్లు చుట్టుకుని, పైన రెండు స్వెటర్లు వేసుకుని, వసతిగృహం మెట్లు ఎక్కుతూ దిగుతూ పరిగెత్తింది. చేతిలో సీసా. అందులో ఉమ్మి ఊస్తూ ఉండేది, ఆ కాసింత బరువూ తగ్గాలని. సైలెన్స్ మేడం మెట్ల కింద రెయిలింగు పట్టుకుని నిలబడి, ఆ పిల్ల దిగిన ప్రతిసారీ ముఖం చూసేది. పెదవులు తెల్లగా పగిలాయి. తూకంలో యాభై నాలుగు కిలోల తొమ్మిది వందల గ్రాములు వచ్చింది. ఎత్తింది. రెండో స్థానం. కోచ్ సార్ దాన్ని భుజాల మీద ఎక్కించుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో బస్సులో నేను వాళ్ళ వెనక సీట్లో ఉన్నాను. బుడంకాయ కిటికీకి తల ఆనించి పడుకుంది. కాసేపటికి దాని కుడిచేతి వేళ్ళు వాటంతటవే లోపలికి ముడుచుకున్నాయి. తర్వాత ఎడమచెయ్యి. సైలెన్స్ మేడం ఆ వేళ్ళు విప్పదీయబోయింది. రాలేదు. పిల్ల కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ నల్లగుడ్డు కనిపించడం లేదు.

"బస్సాపండి," అంది మేడం. ఆ మాట నాకే సరిగా వినబడలేదు, డ్రైవరుకేం వినబడుతుంది! నేను లేచి అరిచాను.

దారిలోని చిన్న ఆసుపత్రిలో చేర్చాం. సెలైను పెట్టాక గంటకి పిల్ల మాట్లాడింది. డాక్టరమ్మ మేడాన్ని పక్కకి పిలిచింది. నేనూ వెళ్ళాను.

"ఒంట్లో ఉప్పు, నీరు అడుగంటాయి. గుండె మధ్యమధ్యలో లయ తప్పింది. ఇంకో అరగంట ఆలస్యమైతే నేను ఏం చెప్పేదాన్నో నాకు తెలీదు. మీరేమవుతారు ఈ అమ్మాయికి?"

"మేనేజర్ని," అంది మేడం.

"అయితే మేనేజ్ చెయ్యండి. ఇంకోసారి ఇలా ఎండబెట్టకండి."

కోచ్ సార్ మాత్రం పిల్లకి బస్సు ప్రయాణం పడలేదంతే అన్నాడు. అబద్ధం చెప్పడం కాదు, ఆయన నిజంగా అలాగే నమ్మాడు. తన చిన్నప్పుడు తనకి ఏమీ కాలేదు కదా! మేడం తలవంచుకుని నిలబడింది. ఆ తలవంచుకోవడం తనని ఎన్ని నెలలు తిన్నదో తర్వాత నాతో చెప్పింది. లైబ్రరీలో పుస్తకం మీద ముద్ర వేస్తుంటే ఆ ముడుచుకుపోయిన వేళ్ళు కనిపించేవట. దుప్పట్ల మూటలతో లాండ్రీ బండి వీధిలో పోతుంటే పక్క సందులోకి తిరిగిపోయేదట.

అన్ని యూనివర్సిటీల పోటీలు ఆ తర్వాత నాలుగు నెలలకి. ఈలోగా బుడంకాయ ఒళ్ళు కాస్త పెరిగింది. యాభై తొమ్మిదికి రెండు వందల గ్రాములు పైన. కోచ్ సార్ మళ్ళీ యాభై అయిదే అన్నాడు. తొమ్మిది రోజులు గడువు.

మేడం ఆయనతో మాట్లాడదామని మూడుసార్లు షెడ్డుకి వచ్చింది. మొదటిసారి గుమ్మం దాకా వచ్చి వెళ్ళిపోయింది. రెండోసారి, "సార్, ఒక మాట" అంది. ఆయన తిరిగి, "చెప్పండి మేడం" అనేసరికి, "బిరడాలు కొత్తవి తెప్పించాలి" అనేసింది. మూడోసారి అడిగింది.

"ఆ రోజు డాక్టరమ్మ వద్దన్నారు కదా సార్..."

"డాక్టర్లు అలాగే అంటారు. మీరు భయపడితే పిల్ల భయపడుతుంది మేడం. ఆ భయం కాస్త ఇంట్లో పెట్టి రండి."

ఆవిడ లాండ్రీకి కూడా వెళ్ళింది. నన్ను తోడు రమ్మంది. ఆవిరి, సబ్బు వాసన. బుడంకాయ వాళ్ళమ్మ మోచేతుల దాకా తడితో బయటికొచ్చి, ఏప్రానుకి చేతులు తుడుచుకుంది. మేడం చెప్పిందంతా విని, "అమ్మా, నాకేం తెలుసు? ఆయన మా పాలిట దేవుడు. మీరందరూ చదువుకున్నవాళ్ళు, మీరేం చేసినా దాని మంచికే" అని చేతులు పట్టుకుంది. ఆ తడి చేతుల్లోంచి తన చేతులు విడిపించుకునేటప్పుడు మేడం ముఖం చూడలేకపోయాను.

బుడంకాయ సంగతైతే చెప్పనే అక్కర్లేదు. "ఒక్క వారం మేడం! నోరు కట్టుకుంటే జీవితమంతా తినొచ్చు" అంది. దానికి కలలోకి వచ్చేది హాస్టలు గది. తనకంటూ ఒక మంచం, ఒక బల్ల.

పోటీ ఊరికి ముందురోజు పొద్దున్నే చేరాం. బుడంకాయ అప్పటికి యాభై ఏడు. ఒకటిన్నర రోజు నుంచి చుక్క నీరు తాగలేదు. మాట పొడిగా, గీసినట్టు వస్తోంది. మెట్లెక్కి మా గదికి చేరేలోపు రెండుసార్లు గోడ పట్టుకుంది. మధ్యాహ్నం స్నానాల గదిలో వేడినీళ్ళ కుళాయి తిప్పి, తలుపు సందుల్లో తువ్వాళ్ళు కుక్కి, ప్లాస్టిక్ చుట్టుకుని ఆవిరిలో కూర్చుంది. తలుపు బయట నన్ను కాపలా పెట్టారు. పావుగంటకోసారి తట్టాలి, అది తిరిగి తట్టాలి.

మూడింటికి అన్ని జట్ల మేనేజర్ల సమావేశం. ఎవరు ఏ విభాగంలో ఎత్తుతున్నారో అక్కడ చివరిసారి సరిచూసి సంతకం పెట్టాలి. ఆ తర్వాత మార్పు ఉండదు. కోచ్ సార్ మా కాలేజీ మగపిల్లల సాధన చూస్తూ ఉండిపోయి మేడాన్ని పంపాడు. "ఊరికే సంతకం పెట్టి వచ్చెయ్యండి."

ఆవిడ బయల్దేరే ముందు తలుపు దగ్గరికొచ్చి తట్టింది. లోపలి నుంచి జవాబు రాలేదు. మళ్ళీ తట్టింది. మూడోసారికి ఎక్కడో కింద, నేలకి దగ్గరగా, గోటితో గీరినట్టు చప్పుడైంది.

మేడం నా వైపు చూసింది. ఆ కళ్ళలోని భయం అంతకుముందు ఆవిడ దగ్గర నేను చూసిన ఏ భయంలాంటిదీ కాదు. సమావేశానికి వెళ్ళిపోయింది.

సమావేశం గదిలో ఏం జరిగిందో ఆవిడ చెప్పిందే నేను చెబుతున్నాను. పొడవాటి బల్ల. చుట్టూ ముప్ఫై, నలభై మంది, దాదాపు అందరూ మగవాళ్ళు, మెడల్లో ఈలలు. బల్ల చివర కళ్ళద్దాల అధికారి ఒక్కో కాలేజీ పేరు చదువుతున్నాడు. మా కాలేజీ వచ్చింది. బుడంకాయ పేరు చదివి, "యాభై అయిదు. మార్పులేమైనా ఉన్నాయా?" అన్నాడు.

ఆవిడ ఏదో అంది.

"ఏంటమ్మా?"

మళ్ళీ అంది. పెదవులే కదిలాయి. పక్కనున్నాయన నవ్వాడు.

"గట్టిగా చెప్పండమ్మా, ఇదేమన్నా లైబ్రరీనా?" అన్నాడు అధికారి.

ఆవిడ లైబ్రరీ మనిషని తెలియక అన్న మాటే. కానీ అప్పుడు ఆవిడకి ఏమైందో ఏమో లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి పడింది. "యాభై తొమ్మిది! ఆ అమ్మాయి యాభై తొమ్మిదిలో ఎత్తుతుంది!" అని అరిచింది. గదిలో అందరూ ఆవిడ వైపు తిరిగారు.

"మీ కోచ్ రాసిచ్చింది యాభై అయిదు కదా?"

"జట్టు మేనేజరు సంతకంతో ఈ సమావేశంలో మార్చొచ్చు. ఆ విభాగంలో మా కాలేజీకి చోటు ఖాళీగా ఉంది. రూలు ఉంది," అంది. పేజీ నంబరు కూడా చెప్పిందట. అధికారి కాగితం ఆవిడ వైపు తోశాడు. ఆవిడ అయిదు మీద గీత కొట్టి తొమ్మిది వేసింది. చెయ్యి ఎంత వణికిందంటే ఆ తొమ్మిదిని అధికారి మళ్ళీ తను దిద్దుకోవాల్సి వచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు దారి తప్పింది. తిన్నగా ఉన్న వీధిలోనే దారి తప్పింది.

గదికి రాగానే నన్ను పక్కకి జరిపి తలుపు తోసింది. ఆవిరి ముఖానికి కొట్టింది. బుడంకాయ పలకల నేల మీద కూర్చుని, తల మోకాళ్ళలో పెట్టుకుని ఉంది. మేడం కుళాయి కట్టేసింది. దాని ఒంటి మీద ప్లాస్టిక్ విప్పింది. చల్లని నీళ్ళ గ్లాసు పట్టుకొచ్చి పెదవుల దగ్గర పెట్టింది.

"తాగు తల్లీ. నిన్ను యాభై తొమ్మిదికి మార్చేశాను. సంతకం అయిపోయింది."

అర్థం కావడానికి ఆ పిల్లకి కాసేపు పట్టింది. అర్థమయ్యాక గ్లాసుని తోసేసింది. గ్లాసు గోడకి కొట్టుకుని పగిలింది. అరవడానికి గొంతు లేదు. పొడి గొంతుతోనే, "ఎవరు మార్చమన్నారు? మీ పిరికితనానికి నా బతుకు కావలసి వచ్చిందా?" అంది. ఏడుద్దామంటే కన్నీళ్ళు రాలేదు. అన్ని నీళ్ళు కూడా దాని ఒంట్లో లేవు.

మేడం గాజు పెంకులు ఏరింది. ఇంకో గ్లాసు తెచ్చింది. పిల్ల ముఖం తిప్పుకుంది. గ్లాసు పట్టుకుని అలాగే నేల మీద, దాని ఎదురుగా కూర్చుంది. ఎంతసేపు కూర్చుందో నాకు గుర్తులేదు. చివరికి పిల్ల చెయ్యి చాపి అందుకుని, మేడం వైపు చూడకుండా తాగింది.

కోచ్ సార్‌కి తెలిసిన తర్వాత వసతిగృహం కారిడార్ అంతా దద్దరిల్లింది. ఆయన తిట్టలేదు. అదే ఇంకా భయంకరం. "ఎనిమిదేళ్ళుగా కోచింగ్ ఇస్తుంటే నా చేతికి దొరికిన ఒకే ఒక్క పిల్ల మేడం. మీకు తెలుసా, ఏం చేశారో మీకు తెలుసా?" అని అడుగుతూనే ఉన్నాడు. వెళ్ళాక ప్రిన్సిపాల్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తానన్నాడు. మేడం గోడకి ఆనుకుని వింది. ఉద్యోగం పోతుందనుకుంది. ఆ భయంతో పాటు, తను తప్పు చేశానేమో అన్న భయం. రెండోదే పెద్దది.

మర్నాడు పోటీ. యాభై తొమ్మిది కిలోల విభాగంలో బుడంకాయ యాభై ఏడున్నర తూగింది. అందరికంటే తేలిక, అందరికంటే పొట్టి. రాత్రి తిన్నది, పొద్దున తిన్నది దాని ముఖంలో రంగుగా తెలుస్తోంది. కానీ కళ్ళలో కోపం తప్ప ఏమీ లేదు. సైలెన్స్ మేడం తెర పక్కన స్తంభం వెనక నిలబడింది. చేతిలో నిబంధనల పుస్తకం. అది చదవడానికి కాదు, పట్టుకోవడానికి.

మొదట స్నాచ్. అంటే నేల మీంచి ఒకే ఊపులో తలపైకి. మూడు అవకాశాలు. డెబ్భై రెండు ఎత్తింది. డెబ్భై అయిదు ఎత్తింది. అంతకుముందెప్పుడూ ఎత్తనిది. డెబ్భై ఏడు ముందుకి పడిపోయింది. తర్వాత రెండో ఎత్తు, కడ్డీని ముందు భుజాల మీదికి తెచ్చి, నిలబడి, అక్కడి నుంచి తలపైకి. తొంభై రెండు. తొంభై అయిదు. రెండూ కలిపితే నూట డెబ్భై. మూడో స్థానంలో ఉన్న అమ్మాయికి నూట డెబ్భై రెండు. తొంభై ఎనిమిది ఎత్తితే సీటు.

భుజాల మీదికి తెచ్చింది. కూర్చున్న చోటు నుంచి లేవడానికి కాళ్ళు గజగజలాడాయి. లేచింది. ఒక్క ఊపుతో పైకి నెట్టి, కాళ్ళు ముందుకీ వెనక్కీ చీల్చి నిలబడింది. చేతులు బిగిశాయి. నేను లేచి నిలబడిపోయాను. వెనక కాలు ముందుకి తెచ్చేటప్పుడు కడ్డీ ఒక అంగుళం వెనక్కి వాలింది. ఆ అంగుళమే. బరువంతా దాని వెనక పడి చెక్క అదిరింది.

స్తంభం వెనక మేడం కళ్ళు మూసుకుని ఉంది. "పిల్లకేమైనా అయిందా?" అని అడిగింది. ఏం కాలేదన్నాను. ఓడిపోయిందన్నాను. "పిల్లకేం కాలేదు కదా?" అని మళ్ళీ అడిగింది.

యాభై అయిదు కిలోల విభాగంలో మొదటి స్థానం నూట అరవై రెండుతో వచ్చింది. బుడంకాయ నూట డెబ్భై ఎత్తింది. ఆ లెక్క వేయని వాళ్ళు మా జట్టులో లేరు.

కాలేజీలో విచారణ జరిగింది. ప్రిన్సిపాల్ గారు నిబంధనల ప్రకారం ఆవిడ చేసింది తప్పు కాదన్నారు. అయినా కోచ్ మాట కాదన్నందుకు మేనేజరు పని నుంచి తప్పించారు. ఉద్యోగం మిగిలింది. ఆవిడ లైబ్రరీకి తిరిగి వెళ్ళింది. షెడ్డు వైపు రావడం మానేసింది. మేము బిరడాలు మేమే లాగి చూసుకునేవాళ్ళం. బుడంకాయ ఎదురైతే దారి మార్చుకునేది. అయిదు నెలలు మాట్లాడలేదు.

"అప్పుడు మీకేమనిపించేది మేడం?" అని ఒకసారి అడిగాను.

"ఏం అనిపిస్తుందే! పిల్ల పోయుంటే అందరూ నన్ను తిట్టేవాళ్ళు, పోలేదు కాబట్టి అందరూ నన్ను తిట్టారు. పోయేదో లేదో మాత్రం ఎవరికీ తెలీదు. నాకూ తెలీదు. ఇప్పటికీ తెలీదు."

మా వెటకారాల టైలరు కూడా ఆ రోజుల్లో జోకులు మానేశాడు. పొద్దున్నే గ్యాస్ తనే కట్టేసి, ఆవిడ చెయ్యి పట్టుకుని సిలిండరు రెగ్యులేటరు మీద పెట్టి చూపించి, తర్వాత దుకాణానికి వెళ్ళేవాడట.

ఆ వేసవి తర్వాత ఒక మధ్యాహ్నం బుడంకాయ లైబ్రరీకి వచ్చింది. క్షమాపణ చెప్పడానికి కాదు. పై అరలో కండరాల గురించిన పుస్తకం కావాలంది. మేడం నిచ్చెన వైపు చూసింది. పిల్ల తనే ఎక్కి తీసుకుంది. దిగేదాకా మేడం నిచ్చెన కాళ్ళు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. పుస్తకం మీద ముద్ర వేసేటప్పుడు బుడంకాయ, "ఇప్పుడు అరవై ఉన్నాను. రోజూ తింటున్నాను" అంది. "సరే," అంది మేడం. అంతే.

మరుసటి ఏడు అది యాభై తొమ్మిదిలోనే ఎత్తింది. ఆ ఒక్క కిలో నెమ్మదిగా, తింటూ తాగుతూ నెల రోజుల్లో దించింది. రెండో స్థానం. సీటు వచ్చింది. మంచం, బల్ల ఉన్న గదిలో నాలుగేళ్ళు ఉంది. కోచ్ సార్ దాన్ని రైలెక్కించడానికి వెళ్ళి, ప్లాట్‌ఫారం మీద వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆయన మేడంతో మళ్ళీ మాట్లాడింది లేదు. కానీ ఆ తర్వాత వచ్చిన పిల్లలకి ప్లాస్టిక్ చుట్టించలేదు. ఎందుకని నేను అడగలేదు.

ఇప్పుడు బుడంకాయ ఒక కాలేజీలో అమ్మాయిల కోచ్. దాని దగ్గర అరవై మంది పిల్లలున్నారు. సైలెన్స్ మేడం రిటైరైంది. పోయిన నెల నేను ఆవిడ ఇంట్లో ఉండగానే పొద్దున పదింటికి ఫోను మోగింది. బుడంకాయే. దాని శిష్యురాలొకతి పోటీకి రెండు గంటల ముందు నాలుగు వందల గ్రాములు ఎక్కువుందట. చెప్పకుండా నిన్నటి నుంచి నీళ్ళు మానేసిందట. తలుపు వేసుకుని కూర్చుందట.

"ఏం చెయ్యాలో నాకు తెలుసు మేడం. ఆపేస్తాను. కానీ చేతులు వణుకుతున్నాయి," అంది. స్పీకర్లో నాకు వినబడింది.

మేడం కుర్చీ కోసం తడుముకుని కూర్చుంది. "తలుపు తీయించు ముందు. తీశాక ఫోను ఆ పిల్లకి ఇవ్వు," అంది.

చాలాసేపటికి అవతల ఒక చిన్న గొంతు వినిపించింది. మేడం స్పీకరు తీసేసి ఫోను చెవికి ఆనించుకుంది. ఎక్కువగా వింది. మధ్యలో, "నాకూ భయమేస్తోంది తల్లీ, అయినా తాగు" అంది. ఫోను పెట్టేశాక మధ్యాహ్నం భోజనానికి కూర్చోలేదు. టైలరు రెండుసార్లు పిలిచాడు. ఫోను ఒళ్ళో పెట్టుకుని కిటికీ దగ్గరే ఉంది. నేనూ ఆవిణ్ణి వదిలి వెళ్ళలేకపోయాను.

నాలుగున్నరకి కబురొచ్చింది. పిల్ల పోటీలో దిగలేదు. చాలాసేపు ఏడ్చింది. రెండు సీసాల నీళ్ళు తాగింది. ఇప్పుడు నిద్రపోతోంది, ఊపిరి బాగానే ఉంది.